కాలువ చివర స్వామిదాసు

స్వామిదాసుకు కీర్తనలు అంతగా పట్టవు. నస్రుల్లాబాద్ చర్చిలో వాక్యం చెప్పే వంతు వచ్చినప్పుడల్లా ప్రవక్తల దగ్గరికే వెళతాడు. మిడతలు, కరువు, నిప్పు. ఆయన లేస్తుంటేనే ముందు వరసలో పిల్లలు చెవులు మూసుకుంటారు. మిగతా ఆరు రోజులు మాత్రం నిజాంసాగర్ కాలువ కింద ముప్పై గుంటల వరి చూసుకునే నెమ్మదస్తుడు.

ఈ యాసంగిలో ఆ ముప్పై గుంటలూ నెర్రెలు బారాయి. పైపొలం నగేశ్ పిల్లకాలువకు అడ్డంగా రాళ్లు పేర్చి నీళ్లన్నీ తన మడికే తిప్పుకున్నాడు. ఇంకో వారం ఇలాగే ఉంటే పొట్టకొచ్చిన వరి తాలుపోతుంది. రెండుసార్లు అడిగితే, "చూద్దాం తీ అన్నా," అని బండెక్కి పోయాడు.

ఆదివారం అదే నగేశ్ వచ్చి ఫ్యాను కింద కూర్చున్నాడు. స్వామిదాసు ఆమోసు ప్రవక్తను అందుకున్నాడు. దేవునికి మన పాటలు అక్కర్లేదని, న్యాయం నీళ్లలా పారాలని, పారనివ్వని వాళ్ల ఇండ్ల మీదికి తీర్పు వస్తుందని గంటసేపు గర్జించాడు. పేరు చెప్పలేదు. నగేశ్ ఫ్యాను కిందే చెమట తుడుచుకున్నాడు.

సోమవారం పొద్దున్నే నగేశ్ స్వామిదాసు గుమ్మంలో ఉన్నాడు. "రాళ్లు తీసేసిన అన్నా. ఇగ నన్ను ఇడిసిపెట్టు."

స్వామిదాసు ముఖం చిన్నబోయింది. వచ్చే ఆదివారానికి నిప్పు గురించి మూడు పేజీలు రాసిపెట్టుకున్నాడు మరి.

"అంతలనే మారితే ఎట్ల?" అని భార్య బాలలక్ష్మి దగ్గర గొణిగాడు.

"నీళ్లొచ్చినయని ఏడ్సేటోన్ని నిన్నే చూసిన. నగేశ్ కాలిపోవాల్నా, పంట పండాల్నా?"

స్వామిదాసు పార పట్టుకొని పొలానికి వెళ్లాడు. మధ్యాహ్నానికి నీళ్లు చీలమండ దాటాయి. కింది పొలానికి నీళ్లు వదిలే ఒడ్డు మాత్రం తెరవలేదు. రేపు నగేశ్ మనసు మళ్లీ మారితే? ఒడ్డు మీద ఇంకో రెండు పారల మట్టి వేశాడు.

దాని కింద పది గుంటలు సాలవ్వవి. ఆమె చర్చికి వచ్చే మనిషి కాదు గానీ చర్చి మైకు ఆమె పొలం దాకా వినిపిస్తుంది. ఇప్పుడు ఒడ్డు దగ్గరికే వచ్చింది.

"ఏం స్వామిదాసూ, నిన్న నీళ్లు పారాలె, పారాలె అని గంటసేపు ఒర్రినవ్. మీ దేవుడు నీ మడి కాడికొచ్చి ఆగుమన్నడా?"

"లేదవ్వా, పొద్దుగూకినంక..."

"నా వరి పొద్దుగూకేదాక ఆగుతదా?"

స్వామిదాసు చుట్టూ చూశాడు. ప్రవక్తలెవరూ సాయం రాలేదు. పార ఎత్తి ఒడ్డుకు జానెడు గండి కొట్టాడు.

సాలవ్వ నడుం మీద చేతులు పెట్టుకొని ఆ గండి వంక చూసింది.

"ఇంకింత," అన్నది.