వదిన కుట్టిన వేషాలు, నేను చెప్పిన మాట

మా వదిన పోయిందన్న కబురు మంగళవారం పొద్దున వచ్చింది. ఆయాసం ఎక్కువై ఆమె నాలుగు రోజులుగా ఆస్పత్రిలో ఉంది. ఆ నాలుగు రోజులూ ఫోను మోగినప్పుడల్లా నా గుండె జారుతూనే ఉంది. ఆ పొద్దున మాత్రం ఎందుకో భయం వేయలేదు. బియ్యం ఏరుతున్న చేత్తోనే తీశాను. ఆమె మనవరాలు రెండు మాటలు చెప్పి ఆగిపోయింది. నేను చేటలో ఉన్న బియ్యం పూర్తిగా ఏరి, గిన్నెలో పోసి, మూత పెట్టి, అప్పుడు కూర్చున్నాను.

ఈ పేజీ రాయమన్నది ఆ మనవరాలే. బస్తర్ గనుల ఊరు బచేలిలో ఏటా జరిగే మన జపాన్ బొమ్మల మేళాకు వచ్చేవాళ్ళందరికీ పిల్లలు పంచే పుస్తకం ఇది, మీకు తెలిసిందే. "నాయనమ్మ పక్కన ఎప్పుడూ ఉన్నది నువ్వే. నువ్వే రాయాలె" అంది. నాకు చదువు పెద్దగా లేదు. మాది మరైగూడ. చిన్నప్పుడు సరిహద్దు అవతల, ఖమ్మం వైపు మేనమామ ఇంట్లో రెండేళ్ళు ఉన్నప్పుడు నేర్చుకున్న అక్షరాలే ఇవి. అక్షరాల్లో తప్పులుంటే దిద్దమన్నాను. మాటలు మాత్రం తీసేయవద్దని గట్టిగా చెప్పాను. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

వదిన మా అన్న భార్య. అన్న గని లారీ నడిపేవాడు. ఆయన పోయాక కొడుకు క్వార్టరు వరండాలో కుట్టుమిషను పెట్టుకుని స్కూలు యూనిఫారాలు కుట్టేది. కొత్త గుడ్డ కోసే ముందు ఒక మూలకు పసుపు రాసేది. జపాన్ వేషానికైనా రాసేది. ఆ మూల లోపలి మడతలోకి పోయేలా కుట్టేది. మీ వేషాల లోపల ఎక్కడో ఆ మచ్చ ఉంటుంది, వెతుక్కోండి. టేపు మెడలో వేలాడేది కానీ, మనిషి గేటు తీసుకుని నడిచి వచ్చేలోపే కొలత ఆమె కంట్లో పడిపోయేది. నాకు డెబ్బై దాటినా "పిల్లా" అనే పిలిచేది. ఇప్పుడు నన్ను అలా పిలిచేవాళ్ళు లేరు.

మొదటి ఏడు మేళా అంటే కమ్యూనిటీ హాలు వరండా, అంతే. గోడకు దుప్పటి కట్టి దాని మీద బొమ్మల సినిమా వేశారు. వేషాలు వేసింది పదిమంది కూడా లేరు. మనవరాలు పొడుగు కోటు తొడుక్కుని నీలం జుట్టు పెట్టుకుని నిలబడితే వదిన నవ్వీ నవ్వీ మెట్ల మీద కూలబడింది. మా చిన్నతనంలో ఊళ్ళకు పగటివేషగాళ్ళు వచ్చేవారు. "మళ్ళ వచ్చిన్రు సూడు. ఇల్లిల్లు తిరిగి బియ్యం అడుగుడొక్కటే తక్కువ" అంది. నాకు నవ్వు రాలేదు. దుప్పటి పక్కన వేలాడుతున్న కరెంటు తీగనే చూస్తూ కూర్చున్నాను.

రెండో ఏడు హాలు లోపలికి వెళ్ళారు. కిరందుల్ నుంచి, దంతేవాడ నుంచి పిల్లలు వచ్చారు. మూడో ఏడు సుక్మా, జగదల్‌పూర్ బస్సుల్లోంచి రంగురంగుల జుట్లు దిగుతుంటే బస్టాండులో జనం నోళ్ళు తెరుచుకుని చూశారు. ఇంట్లో మాట్లాడే భాష ఒకరిది హల్బీ, ఒకరిది గోండీ, ఒకరిది దోర్లీ, మనది తెలుగు. ఒకరి మాట ఒకరికి సరిగ్గా రాదు కానీ, అందరూ కలిసి జపాన్ పాట పాడేవారు. వదినకు అదే సంబరం. నాకు అదే భయం. ఇంతమంది ఒక్కచోట చేరితే ఎవరి కళ్ళో పడతాయని. రబ్బరు షీటు కత్తి దూరం నుంచి కత్తిలాగే ఉంటుంది. ముసుగు తొడుక్కున్న పిల్లవాడు దూరం నుంచి ముసుగు మనిషే. మా పక్క ఊళ్ళలో ముసుగు మనిషి కనబడితే తలుపులు వేసుకున్న రోజులు నేను చూశాను. కొండ మీద గనిలో బ్లాస్టింగ్ జరిగి హాలు అద్దాలు గలగలమంటే పిల్లలు చప్పట్లు కొట్టేవారు. నేను తలలు లెక్కపెట్టేదాన్ని.

"నువ్వు భయపడ్డదాంట్ల సగం జరిగినా బస్తర్‌ల మనిషి మిగలకపోవు" అనేది వదిన, నోట్లో గుండుసూదులు పెట్టుకునే.

ఆ మూడో ఏడే అది జరిగింది. పన్నెండు మంది పిల్లలు ఒక గుంపుగా సిపాయిల వేషం వేద్దామనుకున్నారు. అందరికీ ఒకే రకం కోట్లు, ముదురు ఆకుపచ్చవి. ఇంకో ఊళ్ళో అయితే అది ఉత్త రంగే. ఇక్కడ ఆ గుడ్డ చంకన పెట్టుకుని నడిస్తే ఎవరి కోసమని అడుగుతారు. అడవిలో తుపాకులు పట్టినవాళ్ళకు కుట్టిందని పేరు వచ్చిందంటే ఆ టైలరు బతుకు అక్కడితో సరి. అందుకే ఇక్కడి టైలర్లు ఆ రంగు ముట్టరు. వదినకు తెలియక కాదు. "పిల్లల ఆట. దాసిపెట్టి కుడితే తప్పు చేసినట్టుంటది. బయటనే కుడ్త" అంది. బజారులో బట్టల కొట్టాయన జగదల్‌పూర్ నుంచి ఆ తాను తెప్పించి ఇచ్చాడు. కుట్టిన కోట్లు వరండా తీగ మీద వరసగా వేలాడాయి. గాలికి ఊగుతుంటే లోపల మనుషులున్నట్టే ఉండేది.

మూడు రోజులు నాకు అన్నం సహించలేదు. నాలుగో రోజు మా అబ్బాయి పంక్చరు కొట్టు దగ్గరికి పోలీసు క్యాంపు జవాను ఒకతను వచ్చాడు. ఖమ్మం వైపు వాడు, తెలుగు మాట్లాడతాడు, నాకు ముఖపరిచయం. అతన్ని పక్కకు పిలిచి చెప్పాను. "మా వదినె పచ్చ కోట్లు కుడుతున్నది బాబూ. పిల్లల ఆటకే. మీవాళ్ళెవరన్న సూస్తే ఇంకో తీరుగ అనుకోవద్దని చెప్పు" అన్నాను. అతను తల ఊపాడు. అప్పటిదాకా అతనికి ఆ గుడ్డ సంగతే తెలియదు. ముందుగా చెప్పి ఉంచితే గండం తప్పుతుందనుకున్నాను. ఆ పూట కడుపు నిండా తిన్నాను కూడా.

మర్నాడు క్యాంపు నుంచి వదిన ఇంటికి ఇద్దరు వచ్చారు. మర్యాదగానే మాట్లాడారు, మంచినీళ్ళు తాగారు, కోట్లు చూసి ఇస్తామని పట్టుకెళ్ళారు. వదిన మూడుసార్లు క్యాంపుకు వెళ్ళి జవాబు చెప్పుకుంది. మనవరాలు ఫోనులో ఆ బొమ్మలు చూపించింది. వాళ్ళకు అర్థమైంది. కోట్లు చక్కగా మడతపెట్టి తిరిగి ఇచ్చారు, మేళా అయిపోయిన మర్నాడు. ఆ పన్నెండు మందీ స్కూలు చొక్కాలతో స్టేజీ మీద నిలబడ్డారు. వదిన ఆ క్యాంపు మెట్లెక్కి దిగినప్పటి నుంచే ఆయాసపడేదని నా లెక్క. గుండె జబ్బు ఎప్పటిదో అని డాక్టరు అన్నాడు. నా లెక్క నాది.

ఎవరు చెప్పారని పిల్లలు ఆలోచించారు. గుడ్డ అమ్మినవాడికే కదా తెలిసేది అనుకున్నారు. కొట్టాయన కూతురు ఆ పన్నెండు మందిలో ఒకతె. ఎవరూ ఆమెను రావద్దనలేదు. ఫోనులో కొత్త గ్రూపు పెట్టుకుని ఆమెను చేర్చలేదు, అంతే. పోయినేడు మేళా పెద్ద గ్రౌండుకు మారింది. టెంట్లు, మైకులు, ఎటు చూసినా జనం. ఆ అమ్మాయి గేటు బయట నిలబడి చాలాసేపు చూసింది. గేటు దగ్గర మంచినీళ్ళ డ్రమ్ము నాది. ఆమెకు గ్లాసుడు నీళ్ళిచ్చాను. ఇంకేమీ ఇవ్వలేదు.

వదిన మాత్రం ఆ కొట్టు మానలేదు. "ఆయన చెప్పలే" అనేది. నీకెట్ల తెలుసని మనవరాలు గద్దిస్తే, "చెప్పెటోడైతే ఆ తాను నాకు తెచ్చియ్యడు" అనేది. ఆ పక్కనే నేను తల వంచుకుని గుండీలు కుడుతూ ఉండేదాన్ని. కుట్టుపనిలో నాకు వచ్చింది అదొక్కటే.

శనివారం ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని, "పిల్లా, ఈసారి ఆ పిల్లను మేళాకు పిలిపియ్యి" అంది.

"నేనెట్ల పిలిపిస్త వదినె? నా మాట ఎవరింటరు?"

"నువ్వు చెప్తనే వింటరు."

అప్పుడు ఆమె నా ముఖం చూసిందో, నా వెనక కిటికీ చూసిందో నాకు తెలియదు. చెబుదామని నోరు తెరిచాను. నర్సు వచ్చింది. నర్సు వెళ్ళిపోయింది. అప్పుడూ చెప్పలేదు. దుప్పటి సర్ది ఇంటికి వచ్చేశాను.

కాబట్టి మీ అందరికీ ఇక్కడ చెబుతున్నాను. ఆ జవానుతో చెప్పింది కొట్టాయన కాదు. నేను. రెండేళ్ళు నోరు మూసుకున్నదీ నేనే. ఈ కాగితం మొదట చదివేది మనవరాలు. చదివాక నా గడప తొక్కుతుందో లేదో. మా అబ్బాయి ఏమంటాడో. మేళాలో నేను వచ్చి కూర్చుంటే పక్కవాళ్ళు లేచిపోతారేమో. ఇవన్నీ భయాలే, కానీ ఈసారి నా భయాలు అబద్ధం కావని నాకు తెలుసు.

నిన్న ముందుగా బట్టల కొట్టుకే వెళ్ళాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన గజం బద్ద పక్కన పెట్టి, "రెండేండ్లకు యాదికొచ్చిందా అమ్మా" అన్నాడు. కోపంగా అనలేదు. కూతుర్ని పిలిచాడు. నేను నోరు తెరిచేలోపే ఆ అమ్మాయి వెనక్కి తిరిగింది. లోపలికి వెళ్ళి ఒక ఎర్ర పట్టు గౌను తెచ్చి చూపించింది. వదిన ఎవరికీ చెప్పకుండా ఆమెకు ఈ ఏడు మేళాకని కుట్టిందట. ఆస్పత్రికి పోయే ముందురోజు కొలత చూడమని ఇచ్చి వెళ్ళిందట. ఎడమ చెయ్యి అతికించి ఉంది. కుడి చెయ్యి ఇంకా లేదు.

"దీనికి చెయ్యి ఎవరు పెడ్తరు?" అని నన్నే అడిగింది. నాకు రాదని చెప్పాను. జవానుతో చెప్పింది నేనేనని ఆమెకూ చెప్పాను.

ఆమె పాత చొక్కా మీదనే ఆ గౌను తొడుక్కుని కొట్టు మెట్టు మీదకు వచ్చి నిలబడింది. వీధి చివర గ్రౌండులో టెంటు గుంజలు ఒక్కొక్కటే లేస్తున్నాయి. ఎర్రటి దుమ్ము ఇటే వస్తోంది. ఒక చెయ్యి మణికట్టు దాకా పట్టు, రెండోది మోచేతి దాకా పాత చొక్కా, ఆ కింద ఉత్త చెయ్యి. ఆ భుజం దగ్గర కత్తిరించని దారాలు గాలికి లేచి ఆమె చెంపకు తగులుతున్నాయి. ఆమె వాటిని తీసేయలేదు. గ్రౌండు వైపే చూస్తూ నిలబడింది.