చిలకపచ్చ దారం

నా భార్య పోయిన నెలలో చనిపోయింది. పొద్దున నాగర్‌కర్నూల్ బస్సుకు బయలుదేరుతూ, వనపర్తిలో మా ఇంటి గడప మీద చెప్పులు వేసుకోవడానికి కూర్చుంది. మళ్లీ లేవలేదు. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. ఆమె సర్కారు దవాఖానలో నర్సు. నేను జూనియర్ కాలేజీలో లెక్చరర్ని.

ఆ రోజంతా ఆమె సెల్‌ఫోన్ మోగింది. ఎత్తితే అవతల నేనెరగని గొంతులు. "సిస్టరమ్మ పోయిందంటున్నరు, నిజమేనా సార్?" అని అడిగారు. నిజమే అన్నాను. ఒకాయన "దేవత సార్" అన్నాడు. ఆమె ఉంటే ఆ మాటకు ఒప్పుకునేది కాదు. ఇంతకు ముందు ఎవరో అలా అన్నప్పుడు, "దేవతకైతే నైట్ డ్యూటీ ఉండదు. నాకు రేపు గూడ ఉంది" అంది. ఆ డ్యూటీలు చేసిన మనిషి గురించే నేను రాస్తున్నాను.

చీకటన్నా, రక్తమన్నా, తాగి వార్డుకొచ్చి అరిచేవాళ్లన్నా ఆమెకు భయం లేదు. ఒక్కదానికే భయపడేది. తన చేతి సూదితో ఎవరి ప్రాణం మీదికైనా వస్తుందేమోనని. పెళ్లయిన కొత్తలోనే ఆ మాట చెప్పింది. "డాక్టర్ సార్ రాస్తడు, ఇంకొకరు మందు తెచ్చిస్తరు. ఆఖరికి లోపలికి పంపేది నా బొటనవేలే." ఆ వేలు నాకు చూపించింది. మామూలు వేలు. గోరు పొట్టిగా కత్తిరించి ఉంది.

మేము చాలా ఏళ్లు గద్వాలలో అద్దెకున్నాం. అక్కడి నుంచి ఆమె బస్సులో డ్యూటీకి వెళ్లి వచ్చేది. బజారుకు వెళ్తే మేము పావుగంటలో తిరిగి వచ్చింది లేదు. ఎవరో ఒకరు ఆపేవారు. ఆమె పేరు పెట్టి పలకరించేది. కాలు ఎలా ఉందో, పాపకు విరేచనాలు తగ్గాయో లేదో అడిగేది. మనుషుల పేర్లు ఆమెకు ఎలా గుర్తుండేవో నాకు తెలియదు. నా క్లాసులో పిల్లల పేర్లే నాకు సగం గుర్తుండవు.

పక్కింట్లో మగ్గం ఉండేది. ఆ ఇంటి పెద్దావిడను నా భార్య పెద్దమ్మా అని పిలిచేది. చీర నేయడం అయిపోయాక మిగిలే పట్టు దారాల కొసలను పెద్దమ్మ పారేయకుండా ఒక డబ్బాలో దాచేది. వాటిలో చిలకపచ్చవి ఏరుకుని నా భార్య దవాఖానకు తీసుకుపోయేది.

"ఇన్నేండ్ల సంది పక్కన్నే ఉన్నవ్. ఒక్క చీర కొన్నది లేదు. కొసలు మాత్రం కావాలె నీకు" అనేది పెద్దమ్మ.

"చీరైతే నేనొక్కదాన్నే కట్టుకుంట పెద్దమ్మా. కొసలైతే వార్డంత కట్టుకుంటది."

"మాటలకేం తక్కువ లేదు. జర మీరన్న చెప్పరాదు సార్!"

నేను నవ్వి డబ్బా ఆమె వైపు జరిపేవాణ్ని.

ఆ దారాలు ఎందుకో చెప్పాలి. కొన్ని సూదిమందులు కొందరి ఒంటికి పడవు. అందుకే ముందు చర్మం కింద ఒక చుక్క ఎక్కించి చూస్తారు. అక్కడ ఎర్రగా దద్దు లేస్తే ఆ మందు ఇవ్వకూడదు. ఇస్తే ఊపిరాడక మనిషి పోవచ్చు. ఆ సంగతి కేసు షీటు మీద రాస్తారు. కానీ వానలు పట్టి జ్వరాలు ముదిరినప్పుడు ఒక్కో మంచం మీద ఇద్దరు పడుకునేవారు. షీట్లు తారుమారయ్యేవి. అందుకని మందు పడనివారి మణికట్టుకు ఆమె చిలకపచ్చ పట్టుదారం కట్టేది. "కాయితం మంచానిది, దారం మనిషిది" అనేది. రెండు ముళ్లు వేసి, కొసలు సమానంగా కత్తిరించేది. పొడుగ్గా వదిలితే అన్నంలోనూ నీళ్లలోనూ పడి మాసిపోతాయని.

మా వైపు మణికట్లు ఖాళీగా ఉండవు. జాతరలో కట్టించుకున్న ఎర్ర దారం, దిష్టికి నల్లది, దర్గాలో కట్టిన ఆకుపచ్చది. ఆమె దారానిదీ దాదాపు అదే రంగు. అయితే దర్గాది నూలు, ఇది పట్టు. "కండ్లు మూసుకున్నా చెప్త, వేలుకు తెలుస్తది" అనేది. ఒకసారి ఇంట్లో రెండూ ఇచ్చి పరీక్ష పెట్టాను. తప్పలేదు.

కొన్నేళ్ల తర్వాత, ఆమె పనిచేసే దవాఖాన నుంచి ఇద్దరు నర్సులు బదిలీ మీద వెళ్లారు. వాళ్ల చోట ఎవరూ రాలేదు. ఇంకొకామె కాన్పుకు సెలవు పెట్టింది. రాత్రి డ్యూటీ చేసినవారే పొద్దున కూడా ఉండాల్సి వచ్చింది. ఒక వారం అనుకున్నది వానాకాలమంతా సాగింది. ఆ దవాఖాన పేరు రాయను. అక్కడివాళ్లు చెడ్డవాళ్లు కారు. మనుషులు చాలలేదు.

ఆమె ఇంటికి రాగానే చెప్పులు విప్పకుండానే గడప మీద కూర్చునేది. నేను పిలిస్తే గానీ లోపలికి వచ్చేది కాదు. వండేది, సరిగా తినేది కాదు. బజారులో ఎవరైనా పలకరిస్తే తలూపి నడిచేది. వార్డు సంగతులు చెప్పేటప్పుడు "ఏడో మంచం", "కిటికీ కాడి కాలు" అనడం మొదలుపెట్టింది.

"ఆ కాలుకు పేరు లేదా?" అని అడిగాను.

"ఉంటది. నాకు తెల్వదు."

రెండు రోజులు సెలవు పెట్టి నిద్రపొమ్మన్నాను. అప్పుడు ఆమె చెప్పిన మాట ఇది. నన్ను అందరిలాగే సార్ అనేది, కొంచెం వెటకారంగా. "అలసిపోతే పండుకుంటే పోతది సార్. ఇది యాష్ట, మనుషులంటెనే ఇసుగు. పండుకొని లేస్తే నాకంటె ముందే లేసి మంచం పక్కన నిలబడి ఉంటది."

ఆ వానాకాలంలోనే అది జరిగింది. ఆమె చెప్పగా విన్నదే రాస్తున్నాను.

పార తగిలి కాలు చీము పట్టిన ఒక కూలి పిల్ల వార్డులో చేరింది. కొత్త కోడలు. తోడు అత్త వచ్చింది. సాయంత్రం నా భార్యే చుక్క ఎక్కించి చూసింది. దద్దు లేచింది. దారం కట్టి, ఆ మందు పడదని చెప్పింది. ఎందుకు పడదని పిల్ల మళ్లీ అడిగితే, "ఒక్కసారి చెప్తే సమజ్ కాదా?" అని అందరి ముందూ అరిచింది. ఆ రాత్రి డ్యూటీ ఆమెదే. తెల్లవారాక కూడా ఆమే ఉంది. మంచం మీద ఉన్న కేసు షీటు పక్కామెది. దాని ప్రకారం సూది నింపింది. పిల్ల చెయ్యి పట్టుకుంది. మణికట్టు మీద దారం అడ్డమొస్తే బొటనవేలితో పైకి తోసి, దూదితో తుడిచింది.

మంచం పక్కన నేల మీద కూర్చున్న అత్త లేచింది.

"సిస్టరమ్మా, ఏం సూది అది? పడదని నిన్న నువ్వే దారం కడ్తివి గద?"

"అది దర్గ దారం లేమ్మా. జర పక్కకు జరుగు."

"దర్గ దారం మాకేడిదమ్మా? మేం చర్చికి పోయెటోల్లం!"

అప్పుడు ఆ దారాన్ని వేళ్ల మధ్య పెట్టి చూసిందట. పట్టు. రెండు ముళ్లు, సమానంగా కత్తిరించిన కొసలు. తను కట్టినదే. సూదిని ట్రేలో పెట్టేసింది.

కాసేపటికి పిల్లను అడిగింది. "నీకు తెల్సు గద బిడ్డా. తెలిసి చెయ్యెట్ల ఇస్తివి?"

పిల్ల తల వంచుకుని చెప్పింది. "నువ్వు కోపం మీదున్నవమ్మా. అడిగితె మల్ల తిడ్తవని."

ఆ మధ్యాహ్నం నా భార్య గడప మీద కూర్చుని ఇదంతా చెప్పింది. ఏడవలేదు. "సూదికి భయపడలే సార్ ఆ పిల్ల. నాకు భయపడ్డది" అంది. ఆ తర్వాత చాలాసేపు తన బొటనవేలు చూసుకుంటూ ఉండిపోయింది.

తోటి నర్సులు "ఏం కాలేదు గదక్కా, ఊకో" అన్నారు. ఆమె ఊరుకోలేదు. మర్నాడు పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్తూ నన్ను తోడు రమ్మంది. నేను గది బయట నిలబడ్డాను. తలుపు తెరిచే ఉంది.

"నైట్ చేసిన పొద్దున నేను సూది పట్ట సార్."

"మనుషులు లేరు సిస్టర్. మీకు తెల్వదా?"

"తెల్సు సార్. నేను గూడ లేను. వార్డుల తిరిగేది నా తెల్లచీర ఒక్కటే."

"ఏం కాలేదు గదా."

"అత్త లేసింది గాబట్టి కాలె. అత్త చాయ్ కోసం బయటికి పోయి ఉంటె?"

డాక్టరు కళ్లు నలుముకున్నాడు. ఆయన కూడా సరిగా నిద్రపోయిన మనిషిలా లేడు. "డ్యూటీ చెయ్యనంటే పైకి రాయాల్సొస్తది సిస్టర్" అన్నాడు.

"రాయుండ్రి సార్" అంది.

రాశారు. ఆ తర్వాత పొద్దున పూట ఆమె చేతికి సూది ట్రే ఇవ్వలేదు. కొన్ని నెలలకు నాగర్‌కర్నూల్‌కు బదిలీ అయింది. అది శిక్షో మామూలు బదిలీయో మాకు తెలియదు. ఆమె అడగలేదు. నేను వనపర్తి కాలేజీకి మార్పించుకున్నాను.

కొత్త చోట చేరే ముందు, ఎండాకాలంలో, కొల్లాపూర్‌లో తమ్ముడి మామిడితోటలో కొన్నాళ్లుంది. పగలంతా నిద్రపోయేదట. ఎవరితోనూ మాట్లాడేది కాదట. ఒకరోజు బావమరిది ఫోన్ చేశాడు. "జర నయమైంది బావా. కాయలు తెంపెటోల్లను అక్క పేర్లడుగుతుంది" అన్నాడు. నేను ఆ ఆదివారమే వెళ్లి తీసుకొచ్చాను.

నాగర్‌కర్నూల్‌లోనూ మనుషులు చాలరు. రెండో డ్యూటీ అక్కడా తప్పలేదు. కానీ వార్డు నర్సులు ఆమె మాట మీద ఒక పద్ధతి పెట్టుకున్నారు. రాత్రి చేసి పొద్దున కూడా ఉన్నవారు ఆ పూట సూది ట్రే ముట్టరు. మంచాలు సర్దుతారు, కట్లు మారుస్తారు. సూదులు ఇంకొకరు ఇస్తారు. ఇద్దరూ అలిసి ఉంటే ఒకరు నింపుతారు, ఒకరు చూస్తారు. "ఇయ్యాల నాకు యాష్టగుంది" అని చెప్పడం అక్కడ సిగ్గుపడే సంగతి కాదు. మొదట చెప్పింది ఆమే.

రెండో పద్ధతి దారాలది. గద్వాల నుంచి పెద్దమ్మ పంపే కొసలతో ఆమె అక్కడా చిలకపచ్చ దారాలు కట్టేది. సూది ఇచ్చే ముందు రోగి చేతి మీది ప్రతి దారాన్నీ వేలితో పట్టుకుని, ఇది ఎవరు కట్టారని అడగాలి. రోగి తన నోటితో చెప్పాలి. దీనికి సమయం పట్టేది. ఊరికే చెప్పి వదిలేవారు కాదు, కథంతా చెప్పేవారు. ఒకామె, మొగుడు తాగుడు మానాలని మొక్కుకుని దారం తన చేతికే కట్టుకుందట. అదేందని అడిగితే, "వానికి కడ్తె తాగి తెంపుకుంటడు సిస్టరమ్మా" అందట. ఇలాంటివి ఇంటికి మోసుకొచ్చి, అన్నం తింటూ చెప్పి నవ్వేది. మళ్లీ బాగా తినడం మొదలుపెట్టింది.

కొత్తగా చేరిన ప్రతి నర్సుకూ ఆ కూలి పిల్ల సంగతి చెప్పేది. ఒకామె ఆపిందట. "మీ పరువు మీరే ఎందుకు తీసుకుంటరక్కా?" అని. "మనం తిడితే పేషెంట్లు నోరు మూసుకుంటరు. నోరు మూసుకుంటే మనకు చెప్పెటోల్లుండరు. గది నీకు తెల్వాలె" అందట. నాకు తెలిసి ఆమె చేతి సూదితో ఎవరికీ ఏమీ కాలేదు. చివరి దాకా ఆ భయం మాత్రం పోలేదు. పోవద్దనే అనేది.

ఆ డ్యూటీలే ఆమె గుండెను తినేశాయని చుట్టాలు కొందరు అన్నారు. నాకు తెలియదు. తెలియనిది రాయను.

దినాలకు రమ్మని చెప్పడానికి నాగర్‌కర్నూల్ వెళ్లాను. వార్డులో ఒక చిన్న వయసు నర్సు ట్రే పట్టుకుని మంచాల మధ్య తిరుగుతోంది. నన్ను చూసి తలూపింది, పని ఆపలేదు. షుగరుతో కాలు పుండైన ముసలాయన దగ్గర ఆగింది. చాలా రోజులుగా ఉన్న రోగి. ఆయన అడగకముందే చెయ్యి చాపాడు.

"ఇదెవరు కట్టిండ్రు తాతా?"

"ఎర్రదా? జాతరల మా బిడ్డ కట్టింది."

"ఈ నల్లది?"

"గది మా ముసల్ది. నాకు దిష్టి తగుల్తదంట. గీ మొఖానికి!"

పక్క మంచాలవాళ్లు నవ్వారు. నర్సు కూడా నవ్వింది. తర్వాత మూడో దారం పట్టుకుంది.

"మరి ఇది?"

"గది పెద్ద సిస్టరమ్మ కట్టింది. గా మందు నాకు పడదని. ఏది బిడ్డా, గామె ఈ నడుమ కనపడ్తలేదు?"

ఆ అమ్మాయి నా వైపు చూసింది. తర్వాత ముసలాయన వైపు తిరిగి, "ఆమె డ్యూటీ అయిపోయింది తాతా" అంది. ఆయనకు పడే మందే నింపి ఉందో లేదో ఇంకోసారి చూసుకుని, సూది ఇచ్చి, పక్క మంచానికి వెళ్లింది.

నేను దగ్గరికి వెళ్లాను. ముసలాయన, నన్ను కూడా దవాఖాన మనిషే అనుకున్నాడేమో, చెయ్యి మళ్లీ చాపాడు. ఎర్ర దారం కొసలు వేలాడుతున్నాయి. నల్లది మాసిపోయింది. చిలకపచ్చ దారానికి రెండు ముళ్లు ఉన్నాయి. కొసలు సమానంగా కత్తిరించి ఉన్నాయి.

వేలితో తాకి చూశాను. పట్టు.