బయటికి పోయిన పేపరు

నేను కోతలరాయుణ్ణని మా వాళ్లందరికీ తెలుసు. ఒక ఏడాది మా చేలో పడిన వాననంతా మా నాయన తువ్వాల్లో మూటగట్టుకుని ఇంటికి తెచ్చాడని చెబితే, కళ్యాణదుర్గం బస్టాండులో టీ తాగుతున్నవాళ్లు గ్లాసులు కింద పెట్టి మరీ నవ్వారు. ఇప్పుడు చెప్పబోయేదీ అలాంటిదే అనుకుంటారు. కానీ ఇందులో నేను కల్పించింది ఒకే ఒక్క అబద్ధం. అదెక్కడుందో నేనే చెబుతాను. మిగతాదంతా జరిగింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కాలేజీలకు కంప్యూటర్లు కొత్తగా దిగుతున్న రోజులవి. నేను డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెబుతూ, సెలవుల్లో పీహెచ్‌డీ చేస్తున్నాను. శనక్కాయ విత్తనం వేశాక ఒక వానకీ ఇంకో వానకీ మధ్య ఎన్ని రోజులు ఎండుతుంది, ఆ ఎండు రోజులకు ఏదైనా లెక్క ఉందా అన్నది నా విషయం. మా రైతులను అడిగితే ఒక్క బూతుమాటలో చెప్పేస్తారు. నేను ఆరేళ్లుగా రెండు వందల పేజీల్లో చెబుతున్నాను.

ఆఖర్న ఒక మెట్టు దగ్గర ఆగిపోయాను. మా గైడు ఆ పేజీ మీద వేలు పెట్టి, దీన్ని ఎవరో విదేశీయుడు ఎప్పుడో నిరూపించాడు, ఆ పేపరు చదివి ఇక్కడ చూపిస్తే సంతకం పెడతాను, లేకపోతే లేదు అన్నాడు. నా గడువు ఆ నెలాఖరుతో ముగుస్తుంది. మళ్లీ పొడిగించరు. గడువు దాటితే ఆరేళ్లూ చెత్తబుట్టలోకే.

ఆ పేపరు మా లైబ్రరీ కంప్యూటర్లో ఉంది. ఏ లైబ్రరీయో చెప్పను. అక్కడ గణితం పత్రికలు కాగితం మీద రావడం ఆగిపోయి, అన్నీ కంప్యూటర్లోనే వస్తున్నాయి. బయట ఇంటర్నెట్ సెంటర్లో ప్రయత్నిస్తే మొదటి పేరా చూపించి, మిగతాదానికి డబ్బు కట్టమని మొహాన తలుపేసింది. లైబ్రరీలో ఉన్నది ఒకే కంప్యూటర్. దానికో గాజుగది, ఏసీ, దుమ్ము పడకుండా పూలపూల గుడ్డ. చెప్పులు బయట విడవాలి. తాళంచెవి లైబ్రేరియన్ గారి మొలతాడుకు ఉండేది.

ఆయన దొంగ కాదు, సోమరి కాదు. ఉదయం అందరికన్నా ముందు వచ్చేవాడు. అదే నాకు ఇంకా కోపం. ఆయనకు ముందున్న లైబ్రేరియన్ రిటైరయ్యే రోజున పుస్తకాలు తక్కువ వచ్చాయని పెన్షన్ ఆపేశారట. అప్పట్నుంచి ఈయనకు లైబ్రరీలో ప్రతి వస్తువునూ చేత్తో పట్టుకుని లెక్కపెట్టగలగాలి. కంప్యూటర్లో వచ్చే పేపరును ఎలా పట్టుకోవడం? అందుకని ఒక పద్ధతి కనిపెట్టాడు. మనం దరఖాస్తు రాసివ్వాలి. ఆయన ఆ పేపరును ప్రింటు తీసి, మొదటి పేజీలో ముద్ర, లోపల ఆయనకొక్కడికే తెలిసిన పేజీలో ఇంకో ముద్ర కొట్టి, రిజిస్టరులో నంబరు వేసి, దారంతో కుట్టించి, అప్పుడు ఇస్తాడు. చదివి వాపసు ఇవ్వాలి.

నేను దరఖాస్తు ఇచ్చాను. ఆయన రిజిస్టరు తిప్పి, వేలు ఆపాడు.

“ఈ పేపరు బయటికి పోయిండాదప్పా. తిరిగొచ్చినాక ఇస్తా.”

“సార్, అది కంప్యూటర్లో ఉండాది కదా. ఆ తలుపు తీస్తే చదువుకుని పోతా.”

“కంప్యూటర్లో ఉంటే ఉండనీ. రిజిస్టర్లో లేదు. ఒకరికి ఇచ్చినదాన్ని ఇంకొకరికి ఎట్ల ఇచ్చేది? నువ్వు లెక్కల సారువు, నీకు నేను చెప్పల్నా?”

గాజు అవతల, పూలగుడ్డ కింద, నా పేపరు. ఇవతల నేను, చెప్పులు లేకుండా. ఆ గాజును తలతో పగలగొట్టాలనిపించింది. మూడు రోజులు తిరిగాను. బతిమాలాను, గైడుతో ఉత్తరం తెచ్చాను. నిజం చెప్పినన్నాళ్లూ ఆ తలుపు కదల్లేదు.

చివరికి ఆ పేపరు ఎవరి దగ్గర ఉందో రిజిస్టరులో చూసి, యాడికి అనే ఊరికి బస్సెక్కాను. పేపరు తీసుకున్నామె గణితంలో రీసెర్చ్ చేసి, ఇప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతోంది. నేను వచ్చిన పని చెప్పగానే లోపలికి వెళ్లి పేపరు తెచ్చింది. చేతుల్లోకి తీసుకుని చూస్తే, అక్షరాలున్నాయి, లెక్కల గుర్తులు లేవు. లైబ్రరీ ప్రింటరుకు ఆ గుర్తులు రావు. ప్రతి గుర్తు ఉండాల్సిన చోటా ఒక ఖాళీ గడి. నిరూపణంతా గడులే. ఆ గడుల్లో పెన్సిలుతో సన్నగా, ఇది కావచ్చు, అది కావచ్చు అని ఆమె ఏడాదిగా ఊహించి రాసుకుంది. మళ్లీ ప్రింటు తీయమని అడిగితే, ముందు దీన్ని ఇచ్చినట్టే తెచ్చివ్వమన్నాడట లైబ్రేరియన్. పెన్సిలు గీతలతో ఇవ్వలేక, అవి చెరిపేసి లెక్క వదులుకోలేక, ఆమె అలాగే ఉంచుకుంది. ఈలోగా ఆమె థీసిస్ గడువు దాటిపోయింది.

“ఉండన్నా, రుద్దేసి ఇస్తా. గీతలుంటే బాకీ లేదని నో డ్యూస్ కాగితం ఇయ్యడంట. నా సర్టిఫికెట్లన్నీ ఆడనే ఉండాయి” అంది.

వద్దమ్మా అనాల్సింది. అనలేదు. నాకు గడువుంది. ఆమె రబ్బరుతో ఒక్కో గడీ రుద్దుతుంటే, కాగితం నలగకుండా అంచు పట్టుకుని నిలబడింది నేనే. కోపం ఆయన మీద ఎంతుందో నా మీదా అంతే ఉంది.

మరునాడు పేపరు తీసుకెళ్లి ఇచ్చాను. ఆయన రెండు ముద్రలూ చూసుకున్నాడు, వచ్చిందని టిక్కు పెట్టాడు, తర్వాతి వరుసలో నా పేరు రాశాడు, అదే గడుల పేపరును నా చేతికే ఇచ్చాడు.

ఇదిగో, అబద్ధం ఇక్కడుంది.

గొంతు తగ్గించి అన్నాను: “సార్, పక్క జిల్లాలో తనిఖీకి వచ్చినాయన ఇట్ల గడులుండే పేపర్లను ఒక్కొక్క గడీ లెక్కబెట్టి, అక్షరాలు పోగొట్టినారని రాసినాడంట. గడికొక పుస్తకం పోయినట్ల లెక్కంట.”

ఆయన నా మొహం చూడలేదు. పేపరు లాక్కుని మొదటి పేజీలో గడులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. రెండో పేజీకి వచ్చేసరికి లెక్క తప్పింది. మొలతాడు దగ్గర తాళంచెవి తడుముకుంటూ లేచాడు.

“రాప్పా. ఒరిజినల్ చూసి పెన్నుతో నింపేద్దాం. నువ్వు చెప్పు, నేను రాస్తా.”

ఆ నిరూపణ తెర మీద అరపేజీ. పట్టుమని పదకొండు వరుసలు. నేను చెబుతుంటే ఆయన గుండ్రటి చేతిరాతతో గడులు నింపాడు. నేను నా నోటుబుక్కులో రెండు నకళ్లు రాసుకున్నాను.

గడువులోపే థీసిస్ ఇచ్చాను. మొదటి పేజీల్లో లైబ్రేరియన్‌కు ధన్యవాదాలు చెప్పడం ఆనవాయితీ కాబట్టి, టైపు చేసినాయన నన్ను అడక్కుండానే ఆ వాక్యం పెట్టేశాడు. చూసుకునేసరికి మార్చడానికి వేళ లేదు. ఇప్పటికీ ఆ పేజీలో ఆయన అమూల్యమైన సహకారానికి నేను రుణపడి ఉన్నాను.

రెండో నకలు తీసుకుని మళ్లీ యాడికి వెళ్లాను. మధ్యాహ్నం బడి వరండాలో ఆమెకిచ్చి, తలుపెలా తెరిపించానో కోత కోసినట్టే కోశాను. నవ్వుతుందనుకున్నాను. ఆమె వినడం లేదు. వేలితో వరుస వెంట వరుస చూసుకుంటూ పోతోంది.

“ఈడ నేను పెన్సిలుతో ఇదే పెట్టింటి అన్నా” అంది. ఇంకో వరుస మీద వేలు ఆపి, “ఈడ గూడా.”

గంట కొట్టారు. కాగితం నాకే తిరిగిచ్చి, చాక్‌పీసు తీసుకుని ఐదో తరగతిలోకి వెళ్లింది.