సుంకమ్మ వంతు నీళ్ళు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను అనంతపురంలోని మా ఆసుపత్రి గుండె జబ్బుల విభాగానికి మార్చారు. హోదా సీనియర్ ఫిజీషియన్ అసిస్టెంట్. ఈ ఉద్యోగం ఏమిటో చాలామందికి తెలియదు. మాది కొత్తచెరువు. మా నాయన బతికున్నంత కాలం, కూతురు నర్సా అని ఎవరైనా అడిగితే కాదనేవాడు, డాక్టరా అంటే దగ్గేవాడు. నిజానికి మా పని ఆ రెండింటికీ నడుమ. రోగి డాక్టరు గదిలోకి వెళ్ళకముందే జబ్బు సంగతంతా అడిగి తెలుసుకోవాలి. దీన్నే మేం హిస్టరీ అంటాం. ఒళ్ళు పరీక్షించి, తేలినదాన్ని డాక్టరుకు క్లుప్తంగా చెప్పాలి. డాక్టరు నిర్ణయించినదాన్ని మళ్ళీ రోగికి అర్థమయ్యే తెలుగులో చెప్పాలి. మందు రాసి సంతకం పెట్టడం మాత్రం డాక్టరు పనే. ఆ గీత నేనెప్పుడూ దాటలేదు. అయినా రోగులు నన్ను చిన్న డాక్టరమ్మ అనడం మానలేదు.

ఆ వేసవిలోనే బెళుగుప్ప దగ్గరి పల్లె నుంచి ఓబులేసు అనే కూలిమనిషి వచ్చి చేరాడు. అరవై దాటిన వయసు. గుండె బలం తగ్గి, ఒంట్లో నీరు నిలిచిపోయింది. కాళ్ళు ఉబ్బాయి, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడటం లేదు. ఇలాంటివారికి మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కి చూస్తాం. గుంట పడి, పూడటానికి ఎంతసేపు పడితే నీరు అంతగా ఉన్నట్టు. ఓబులేసు కాలి మీద నా వేలు సగం దిగిపోయింది. ఇంజెక్షన్లతో నీరు తీసేసి ఇంటికి పంపాం. పంపేటప్పుడు జాగ్రత్తలు చెప్పడం నా వంతు. ఉప్పు తగ్గించమన్నాను. నీళ్ళు రోజు మొత్తానికి ఒక్క లీటరు దాటకూడదన్నాను.

నెల తిరక్కుండానే మళ్ళీ వచ్చాడు. అదే ఉబ్బు, అదే ఆయాసం. మా డాక్టరమ్మ తొందరపడి మాట్లాడే మనిషి కాదు. ఇంకోసారి ఊపిరితిత్తుల్లో ఇంత నీరు చేరితే ఇతను దక్కడం కష్టమని, కారణమేమిటో కనుక్కోమని నన్ను పక్కకు పిలిచి చెప్పింది.

మాత్రలు సక్రమంగానే మింగుతున్నాడు. నీళ్ళ సంగతి అడిగితే, అంతా మీరు చెప్పినట్టే మేడం అని పెద్దమనిషిలా తలూపాడు. పక్కన అతని భార్య సుంకమ్మ గోడకేసి చూస్తోంది. హిస్టరీ తీసి తీసి మాకు చెవులకన్నా కళ్ళే ఎక్కువ పనిచేస్తాయి. ఆమెను వరండాలోకి తీసుకుపోయి బెంచీ మీద కూర్చోబెట్టాను.

"దప్పి దప్పి అంటాడు మేడం. ఈ ఎండలకు కట్టుకున్నోడు నీళ్ళడిగితే ల్యాదని ఎట్ల చెప్పేది? పగోడికైనా చెప్తామా?" అంది.

నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది. గడప తొక్కినవాడికి ముందు చెంబెడు నీళ్ళిచ్చి తర్వాత పేరు అడిగే ఊళ్ళు మావి. నీళ్ళు లేవనడం మావైపు తిట్టుతో సమానం. అందుకని పద్ధతి మార్చాను. పొద్దున్నే లీటరు సీసా నింపి అతని చేతికే ఇవ్వమన్నాను. కాఫీయో మజ్జిగో తాగితే, అంత మేరకు సీసాలో నీళ్ళు పారబోయాలి. ఇక ఆమె లేదనక్కర్లేదు, సీసానే చెబుతుంది.

"నీళ్ళు పారబోసేదా!" సుంకమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది. "మా ఊర్లో ట్యాంకరు కాడ ఒగరి జుట్టు ఒగరు పట్టుకుంటాండారు మేడం. పారబోస్తే నన్ను ఊర్లో ఉండనిస్తారా?"

నవ్వొచ్చింది. "అయితే అవి నువ్వు తాగెయ్యక్కా," అన్నాను.

తర్వాతిసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఓబులేసు కాలు నొక్కితే గుంట పడలేదు. మెట్లెక్కి వచ్చాడు, ఆయాసం లేదు. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. ఇదంతా నీ చలవే అని సుంకమ్మను మెచ్చుకున్నాను. ఆమె సిగ్గుపడి, మందులు తీసుకొస్తానని వెళ్ళి, మందుల కిటికీ ముందు వరుసలోనే కళ్ళు తిరిగి పడిపోయింది.

స్ట్రెచర్ మీద లోపలికి తెచ్చాం. నాలుక పిడచగట్టింది, బీపీ బాగా పడిపోయింది. రక్తపరీక్షలో కిడ్నీలు దెబ్బతినడం మొదలైందని తేలింది. ఇంకొంచెం ఆలస్యమైతే డయాలసిస్ దాకా పోయేదని డాక్టరమ్మ అంది. సెలైన్ పెట్టించింది. మొగుడి ఒంట్లోంచి నీరు తీయించిన వార్డులోనే పెళ్ళాం ఒంట్లోకి నీరెక్కిస్తున్నాం.

కాస్త తేరుకున్నాక హిస్టరీ అడిగాను.

"ఆయప్ప సీసాలోంచి తీసిన నీళ్ళే తాగుతాంటి మేడం," అంది. "మీరే కదా చెప్పినారు."

ఉపాధి హామీ పనికి పోయినప్పుడు అక్కడైనా తాగొచ్చు కదా అన్నాను.

"ఆడ తాగుదామని చెంబెత్తితే ఆయప్ప మొగమే కండ్ల ముందర. గొంతు దిగల్యా."

అన్నేళ్ళ ఉద్యోగంలో రోగుల ముందు నేను కంటతడి పెట్టింది ఆ ఒక్కరోజే. మంచం పక్కనున్న ఓబులేసుకూ ఈ సంగతి అప్పుడే తెలిసింది. పాపం, ముందు కోపమే వచ్చింది అతనికి.

"ఏం మనిషివే నువ్వు! నా రోగం నీకూ గావాల్నా?" అని కసిరాడు. ఆ కసురుతోనే లేచి, గ్లాసు నిండా నీళ్ళు వంచి, తల కింద చెయ్యి పెట్టి ఆమె నోటికందించాడు. "నా ముందరే తాగు. నేను చూస్తాంటా. నాకేం కాదులే."

ఆమె అతని ముఖం చూస్తూ గ్లాసెడూ తాగింది. తను తాగుతున్నట్టే అతని గొంతు కదులుతోంది.

సుంకమ్మ కోలుకుంది. ఇద్దరూ కలిసే ఊరెళ్ళారు. డాక్టరమ్మతో చెప్పి, మేం రోగులను ఇంటికి పంపే పద్ధతిలో ఒక మాట చేర్చాను. రోగికి నీళ్ళ కొలత చెప్పాక, వెంట వచ్చిన మనిషి వైపు తిరిగి, "నువ్వు మాత్రం కడుపునిండా తాగాల, ఈయప్ప ముందరే తాగాల," అని చెప్పాలి. రిటైరయ్యేదాకా నేను అలాగే చెప్పాను. పథ్యం మేం పెట్టేది ఒకరికే. ఇంట్లో దాన్ని ఎంతమంది పాటిస్తున్నారో అడిగి తెలుసుకోవడం కూడా హిస్టరీలో భాగమే.