నాన్న చూడని ఆ మూడు ఔట్లు

మా చిన్నప్పుడు... శనివారం పొద్దున్నే బుకిట్ బటోక్‌లో మేముండే ఫ్లాట్ల బ్లాక్ కింద నాన్న క్యారేజీ పట్టుకుని నిలబడి, "రావే తల్లీ, బస్సు పోద్ది!" అని కేకేసేవారు. స్కూల్లో నేను సాఫ్ట్‌బాల్ ఆడేదాన్ని... బేస్‌బాల్‌కి చెల్లెలు లాంటి ఆట. గుంటూరు నుంచి ఈ దేశం వచ్చిన మా నాన్నకు తెలిసిందల్లా క్రికెట్టే.

ఐటీ ఉద్యోగాలు మంచి ఊపు మీదున్న రోజులవి. వారమంతా నాన్న పాయా లేబర్ అనే చోట ఉన్న ఆఫీసులోనే... నాకు దొరికేది ఆ శనివారమే. అందులోనూ సగం ఫోనుకే పోయేది. నేను బాగా ఆడినప్పుడు ఆయన కళ్ళు నా మీద ఉండాలి... అదొక్కటే నా కోరిక.

ఆ రోజు ఒకటో బేస్‌లో ఒకమ్మాయి, రెండో బేస్‌లో ఒకమ్మాయి ఉన్నారు. బ్యాట్‌కి బంతి తగిలీ తగలగానే ఇద్దరూ పరుగందుకున్నారు. బంతి నేల తాకకుండా నా గ్లవ్‌లో పడింది... ఒక ఔట్. అలా పట్టేస్తే, పరుగందుకున్నవాళ్ళు వెనక్కి తమ బేస్‌కి రావాలి. రెండో బేస్ నా పక్కనే. దాన్ని వదిలేసి పోయిన అమ్మాయి వెనక్కొచ్చేలోగా కాలు పెట్టేశాను... రెండు. ఒకటో బేస్ అమ్మాయి ఆగలేక నా మీదికే వచ్చింది. గ్లవ్‌తో తాకాను... మూడు! ఒక్క బంతికి, నేనొక్కదాన్నే. పెద్ద పెద్ద లీగుల్లోనూ ఏ కొన్నేళ్ళకో గానీ జరగని విడ్డూరమట. మా కోచ్ నమ్మలేక టోపీ తీసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

నేను మాత్రం చూసేవాళ్ళు కూర్చునే గట్టు వైపు చూశాను. నాన్న వీపు కనిపించింది, చెవి దగ్గర ఫోను.

మూడు ఔట్లయితే అవతలి జట్టు బ్యాటింగ్ వంతు అయిపోయినట్టే. ఆయన ఇటు తిరిగేసరికి మేమంతా బయటికొస్తున్నాం. ఒక బంతికి ఒక్క ఔటే ఎరిగిన మనిషి మరి... "ఏమ్మా, ఆపేశారేంటి? పిడుగుల సైరన్ మోగిందా?" అని ఆకాశం చూశారు.

"మూడూ అయిపోయాయ్ లా, నాన్నా!" అని మా స్కూలు యాసలో అంటూనే ఏడ్చేశాను.

సాయంత్రం మా బ్లాక్ కింద, బంతాటలు ఆడరాదన్న బోర్డు ఎదురుగానే, ఆ మూడు ఔట్లూ నాన్నకు చూపించడానికి చెప్పులు బేసులయ్యాయి. అమ్మా నాన్నా రన్నర్లు. బంతి నేనే గోడకు కొట్టి పట్టుకున్నాను. "పొయ్యి మీద పప్పుంది, ముందు నన్ను ఔట్ చేసెయ్యవే!" అని అమ్మ గోల.

ఆ తర్వాత ప్రతి శనివారం నాన్న ఫోను ఆపేసి క్యారేజీ పై గిన్నెలో పెట్టి మూత బిగించేవారు. అమ్మ ఆ గిన్నె అందుకే ఖాళీగా ఉంచేది. నేను స్కూలు వదిలేదాకా ఆయన రెప్ప వాల్చకుండా కూర్చున్నారు... ఆ మూడు ఔట్ల విడ్డూరం మాత్రం మళ్ళీ జరగలేదు.

ఇప్పుడు ఇంటికెవరొచ్చినా నాన్న ఆ ఆట గురించి చెబుతారు, కళ్ళారా చూసినట్టే. ఆయన కథలో నేను గాల్లోకి ఎగిరి పట్టుకుంటాను. నేను ఎగరలేదు... ఎన్నడూ దిద్దనూ లేదు.

మొన్న నా కూతురు నిలదీసింది... "తాతా, రియల్లీ చూశావా?"

నాన్న నా వైపు చూశారు.

"చూశారు" అన్నాను.

ఇప్పుడు పిల్లలు ఏం ఆడినా ఫోన్లో పట్టేస్తున్నాం... మళ్ళీ తీసి చూసేదెవరు? ఆ రోజుది ఎక్కడా లేదు, నాన్న మాటల్లో తప్ప. మీ ఇంట్లోనూ ఇలా చూడనిదాన్ని చూసినట్టు చెప్పేవాళ్ళున్నారా? ఉంటే చెప్పండి... వినాలనుంది.