ఎనీడా సంతకం

నగరానికి బీమాలు మాట్లాడిపెట్టే బ్రోకరును ఎంచే సంఘంలో ఎనీడా సభ్యురాలు. మార్కులు వేసేముందు కళ్ళజోడు తుడుచుకుని, పెదవులు బిగించి, ప్రతి కాగితమూ రెండుసార్లు చదువుతుంది. ఈసారి మేయరు స్నేహితుడూ పోటీకొచ్చాడు. "మనవాడే, డోన్యా ఎనీడా గారూ, కాస్త చూడండి," అన్నాడు మేయరు కార్యదర్శి రమీరో. "చూశాను నాయనా. మంటలార్పే మన పిల్లలకి రేపేదైనా అయితే, పరిహారం ఇప్పించడం వీడికి చేతకాదు," అని ఆమె అతన్ని ఆఖర్న పెట్టింది. మర్నాడే ఆ ఎంపిక రద్దయింది. మళ్ళీ ఎంచడానికి వేసిన కొత్త సంఘానికి ఆమెనే పెద్దను చేసి, మేయరు స్నేహితుడి పేరు మొదట రాసిన కాగితం ఆమె ముందు పెట్టారు. కాదని ఉద్యోగం వదిలి వెళ్ళిపోదామంటే పింఛను ఇంకా చేతికి రాలేదు, ఇంట్లో మంచంపట్టిన భర్త. "సంతకం మీదే. తొందరేం లేదు, సాన్కోచో పులుసు ఇక్కడికే తెప్పిస్తాను," అంటూ రమీరో తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు. పులుసు వచ్చింది, చల్లారింది, పైన కొవ్వు పేరుకుంది. సాయంత్రందాకా ఎనీడా చెంచా ముట్టలేదు, కలమూ ముట్టలేదు. లేచి వెళ్ళనూ లేదు.