కొసరు కింద పోయిన నాయన ఫోటోలు

పోయిన నెల మా ఆడబిడ్డ మనవరాలి పెళ్లికని తిరుచానూరు వెళ్లి, పెళ్లివారు విడిది ఏర్పాటు చేసిన లాడ్జిలో అడుగుపెట్టానో లేదో, ఎదురుగా గోడ నిండా మా అమ్మ కనబడింది. అరుగు మీద కూర్చుని, కాలి బొటనవేలికి దారం తగిలించుకుని, తల వంచి కనకాంబరాలు కడుతున్న మా అమ్మే, ఇంకా ఒక్క వెంట్రుకైనా నెరవని వయసులో. పటం కింద చిన్న అట్టముక్క మీద 'తిరుచానూరు పూలమ్మి' అని అచ్చువేసి, ఫోటో తీసినవాడిదంటూ ఒక పేరు పెట్టారు. ఆ పేరు మా నాయనది కాదు. మా అమ్మ జన్మలో మూరెడు పూలు అమ్మి ఎరగదు. ఒళ్లు మండిపోయింది నాకు.

ఫోటో దిగడమంటే తలంటుకుని, పెట్టె అడుగునుంచి మంచి చీర తీసి కట్టుకుని వెళ్లిన కాలం నా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది. డెబ్బైలలో తిరుపతి బస్టాండు దగ్గర మా నాయనకు స్టూడియో ఉండేది. కొండమీద తలనీలాలిచ్చి దిగినవాళ్లు ఊరి బస్సు ఎక్కే ముందు ఇంటిల్లిపాదీ గుండ్లతో వచ్చి, ఏడుకొండలు గీసిన తెర ముందు వరసగా నిలబడేవాళ్లు, వాళ్ల తలలకు పూసిన గంధం తడిగా ఉంటే దీపాల వెలుతురుకి తళతళమని బొమ్మ చెడిపోతుందని నాయన విసనకర్ర ఇచ్చి అందరినీ కాసేపు కూర్చోబెట్టేవాడు, బస్సు పోతుందని వాళ్లు గోల పెట్టినా వినేవాడు కాదు. నెగటివ్‌ల మీద పెన్సిలుతో మచ్చలు సరిదిద్దే పని నాది.

కడుపు నింపిన పని అదైతే, నాయన మనసు మాత్రం వేరేచోట ఉండేది. మధ్యాహ్నాలు బేరాలు లేనప్పుడు తలుపు దగ్గరికి వేసి, కెమెరా మెడలో వేసుకుని సైకిలు మీద బయలుదేరేవాడు, దూరమైతే ఒక రోజు కొట్టు మూసి బస్సెక్కేవాడు. చిత్తూరు మామిడి మండీలో గంపల మీదే నిద్రపోయిన హమాలీలు, నగరిలో మగ్గం గుంటలోంచి తల మాత్రం పైకి కనబడే ముసలాయన, ఇలాంటివన్నీ తీసి, ఆ నెగటివ్‌లను ఒక రేకుపెట్టెలో విడిగా దాచేవాడు. డబ్బిచ్చి దిగినవాళ్ల ఫోటోలు వాళ్లవి, ఎవరూ పిలవకుండా నేను వెళ్లి తీసినవి నావి అనేవాడు. వాటి ప్రింట్లకు మాత్రం మూలన తన పేరు తనే రాసుకునేవాడు. ఎప్పటికైనా అన్నీ పెద్దవి చేయించి, తిరుపతిలో ఒక హాలు మాట్లాడి, తన పేరుతో వరసగా తగిలించాలని ఆయన కోరిక. అమ్మ ఫోటో వాటిలో మొదటిది. శుక్రవారం పూట పని తెమలక సతమతమవుతుంటే ఈ వేషాలేమిటని ఆమె విసుక్కుంటుండగానే తీసిన ఫోటో అది.

ఎనభైల మొదట్లో, ఆ హాలు మాట్లాడకుండానే, గుండె ఆగి నాయన పోయాడు. నేను ఒక్కదాన్నే కూతుర్ని కాబట్టి తలకొరివి మా చిన్నాయన పెట్టాడు. ఆయనకు చిత్తూరులో మామిడి మండీ. పెద్దదినం అయిన వారంలోగా స్టూడియో సామాను అమ్మకానికి పెట్టి, నాయన దగ్గర పని నేర్చుకుని వేరే కొట్టు పెట్టుకున్న ఒకతనికి బేరం కుదిర్చాడు. మండీలో వంద కాయలు కొంటే పైన నాలుగు కాయలు వేయకుండా ఏ బేరమూ ముగియదు కదా, అలాగే కెమెరా, లైట్లు బండికెక్కించాక, ఇంట్లో ఉన్న ఆ రేకుపెట్టెను కూడా తన చేత్తో ఎత్తి పైన పెట్టాడట. నేను అత్తగారింటి నుంచి వచ్చి అడిగితే ఆశ్చర్యంగా చూశాడు.

"అంత బేరం చేసినోణ్ణి కొసరెయ్యకుండా ఎట్ల పంపేది పాపా? అయినా ఆ ఫోటోలన్నీ ఊరోళ్లవి గదా, మనయి యాడుండాయి దాంట్లో?"

ఆయన మోసం చేయలేదు, పైసా దాచుకోలేదు. అదే నాకు ఇంకా మంట. అన్న బతుకంతా ఆ పెట్టెలో ఉంటే, మామిడికాయతో సమానంగా ఎత్తి ఇచ్చేశాడు మహానుభావుడు.

మరుసటి ఏడు ఒక బట్టల కొట్టు క్యాలెండరు మీద అమ్మ కనబడింది, కింద స్టూడియో సామాను కొన్నవాడి పేరుతో. వాడి కొట్టుకు వెళ్లి నిలదీశాను.

"మీ చిన్నాయనే గదక్కా ఎత్తిచ్చింది? నెగటివ్ ఎవురికాడ ఉండాదో ఫోటో వాళ్లదే," అన్నాడు, కూర్చోమని కుర్చీ కూడా తుడిచి వేశాడు.

చిత్తూరు కోర్టు దగ్గర ఒక లాయరుని కలిస్తే, నెగటివ్ చేతులు మారినంత మాత్రాన హక్కు మారదనీ, రాసి సంతకం పెట్టి ఇస్తేనే మారుతుందనీ, మీ అమ్మా మీరూ దావా వేస్తే నిలుస్తుందనీ చెప్పాడు. పెట్టె ఏ మాట మీద ఇచ్చాడో చెప్పడానికి చిన్నాయన బోనెక్కాలి, అంతే. ప్రాణం లేచొచ్చినట్టయి పరుగున వచ్చి అమ్మకు చెప్పాను. వకాలత్తు మీద సంతకం పెట్టనంది.

"మీ నాయనకు కొరివి పెట్టినోణ్ణి కోర్టుకీడుస్తావా? ఊరంతా ఏమనుకుంటాది? వద్దు."

చిన్నాయన రెండోసారి కూడా కొరివి పెట్టాడు, నువ్వు చూస్తూ ఊరుకున్నావని అరిచాను.  అమ్మ చివరిదాకా ఆ సంతకం పెట్టలేదు, నన్నూ దావా వేయనివ్వలేదు. చిన్నాయన పోయాడు, కొన్నవాడు పోయాడు, అమ్మ కూడా పోయింది, పరువు మాత్రం భద్రంగా ఉంది.

లాడ్జి కౌంటరులో కుర్రవాడు మర్యాదస్తుడే. ఆ బొమ్మను హెడ్డాఫీసు వాళ్లు ఎక్కడో ఆన్‌లైన్‌లో కొన్నారనీ, తనకేమీ తెలియదనీ అన్నాడు. ఆమె మా అమ్మ అని చెబితే ముఖం వికసించి, పక్కన నిలబడండమ్మా, ఫోటో తీస్తానన్నాడు. ఎవరి మీద అరవను? ఆ రోజుల్లో నిలదీయడానికి ఎదురుగా ఒక మనిషైనా ఉండేవాడు. ఇప్పటి పిల్లలు దోసె ఫోటో తీసినా మూలన తమ పేరు వేసుకుంటున్నారు, ఎవరైనా ఎత్తుకెళితే ఊరుకోవడం లేదు. మంచిదే, కానీ అది చూసినప్పుడల్లా మా నాయనకు ఆ పాటి దక్కలేదని కడుపు రగులుతుంది.

సంచిలోంచి పెన్ను తీసి, కుర్రవాడు వారిస్తున్నా వినకుండా, అట్ట మీదున్న ఆ కొన్నవాడి పేరు కొట్టేసి నాయన పేరు రాశాను. పూలమ్మి అన్నదీ కొట్టేసి అమ్మ పేరు రాశాను. ముహూర్తం అయి భోజనాలు ముగించుకుని వచ్చేసరికి ఆ అట్ట తీసేశారు. దొంగ పేరు పోయింది, నాయన పేరూ పోయింది. ఆ ఫోటో ఎవరు తీశారో, ఎవరి మీద విసుక్కుంటూ తల వంచుకుందో చెప్పేవాళ్లు లేకుండా, అమ్మ ఒక్కతే ఆ గోడ మీద పూలు కడుతూ ఉంది.